మొక్కులో నా వాటా

శనివారం పొద్దున్న ఏడింటికి పేట్ బషీరాబాద్ స్టాపులో నిలబడ్డాం. నేను, మా ఆయన, ఒక రెగ్జిన్ సంచి, ఒక నీళ్ళ సీసా. మే నెల. ఏడింటికే ఎండ వీపు మీద చురుక్కుమంటోంది. బుద్ధున్నవాళ్ళెవరూ ఆ ఎండల్లో ఊరికే ప్రయాణం పెట్టుకోరు. వేసవి సెలవులకు మా స్కూలు టీచర్లు కొందరు ఊటీ వెళ్ళారు, మిగతావాళ్ళు పుట్టిళ్ళకు వెళ్ళారు. మేము ఇంటికి గంటన్నర దూరం లేని శామీర్‌పేటకు బయల్దేరాం. ఎందుకని పక్కింటావిడ అడిగితే "పూజ ఉంది" అన్నాను. అది అబద్ధం కాదు. అలాగని పూర్తిగా నిజమూ కాదు.

నిజానికి మేము వెళ్తున్నది తంత్రం నేర్చుకోవడానికి.

ఈ మాట చదవగానే మీకు నిమ్మకాయలు, పుర్రెలు, ఎర్రటి ముగ్గులు గుర్తొస్తాయని నాకు తెలుసు. మొదట నాకూ అవే గుర్తొచ్చాయి. మా స్కూల్లో తెలుగు చెప్పే పద్మజ ఒకరోజు స్టాఫ్ రూములో గొంతు తగ్గించి చెప్పింది. శామీర్‌పేట ఇవతల ఒక ద్రాక్షతోటలో ఒక పెద్దావిడ, ఆవిడ భర్త కలిసి దంపతులకు రెండు రోజుల సాధన నేర్పుతారట. అది అమ్మవారి ఉపాసనేనట. కాని మొగుడూ పెళ్ళాల మధ్య ఉండే కోరికను వదులుకోమనరట, దాన్నే దారి చేసుకోమంటారట. "మేం వెళ్ళొచ్చాం" అని చెప్పి పద్మజ సిగ్గుపడింది. యాభైకి దగ్గరపడిన మనిషి అలా సిగ్గుపడుతుంటే చూసి నాకు ఈర్ష్య పుట్టింది. ఈర్ష్య అని ఎందుకు అంటున్నానో తెలియాలంటే మా ఆయన మాలల సంగతి చెప్పాలి.

మాది తెనాలి పక్క. ఆయన మేడ్చల్ దగ్గర ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తారు. మంచి మనిషి. సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా దీక్షలు. కార్తీకం రాగానే అయ్యప్ప మాల. శబరిమల వెళ్ళొచ్చి అది తీసేసిన నాలుగు రోజులకు శివమాల, శివరాత్రికి శ్రీశైలం. ఆ తర్వాత హనుమాన్ దీక్ష, కొండగట్టు. మధ్యలో ఖాళీ దొరికితే గోవింద మాల. దీక్షలో ఉన్నన్నాళ్ళూ నేల పడక, చన్నీళ్ళ స్నానం, బ్రహ్మచర్యం. ఆడవాళ్ళెవరు కనబడినా, కట్టుకున్న భార్యయినా సరే, "మాతా" అని పిలుస్తారు. మేము వాళ్ళను "స్వామీ" అనాలి. ఏడాదిలో ముప్పాతిక భాగం మా ఆయనకు నేను మాతను. మిగతా పావు భాగం అలవాటు కొద్దీ మాతనే.

ఇది ఆరేళ్ళుగా సాగుతోంది. అంతకు ముందు మా ఆయనకు గుడికి రమ్మంటే బద్ధకం. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి అప్పుడు హైస్కూల్లో ఉండగా, ఇక లేదనుకున్న వయసులో నాకు నెల తప్పింది. ఏడో నెలలో రక్తం పోయింది. బిడ్డ దక్కలేదు. నన్ను బతికించడానికి గర్భసంచి తీసేశారు. ఇంటికొచ్చిన రోజే మా ఆయన తన పరుపు చుట్టుకుని ముందు గదిలోకి మారారు. నా ఒళ్ళు కుదుటపడేదాకా అనుకున్నాను. కుదుటపడేసరికి ఆయన మెడలో మొదటి మాల పడింది. ముట్టు బాధ లేదు కాబట్టి దీక్ష రోజులన్నీ అడ్డం లేకుండా మడిగా వండి పెట్టే ఇల్లాలు కాలనీ మొత్తం మీద నేనొక్కదాన్నేనని వాళ్ళ గురుస్వామి అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు విని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తెల్లారకముందే లేచి నీళ్ళు తోడటం, ఉల్లి లేని వంట, పది మంది స్వాములకు భిక్ష, ఆపైన ఎనిమిదింటికి స్కూలు. అసలే మూలిగే నక్క, దాని మీద ఏటా నాలుగు తాటిపండ్లు. వీధిలోవాళ్ళేమో "మీవారెంత భక్తిపరులండీ" అంటారు. సవతి ఉంటే జుట్టు పట్టుకుని నిలదీయొచ్చు. దేవుడితో ఎలా పోట్లాడను? నా పొత్తికడుపు మీది కోత మచ్చ చూసి ఆయనకు వెగటు పుట్టిందని, ఆ మాట అనలేక మాలల వెనక దాక్కున్నారని నా నమ్మకం. అవునో కాదో ఆయన నోటితో వినాలి. వింటే ఆ తర్వాతైనా హాయిగా ముసలిదాన్నవుతాను. నా ప్రయాణానికి కారణం అదొక్కటే, తంత్రం మీద గౌరవం కాదు.

"శ్రీవిద్య శిబిరమండీ, అమ్మవారి న్యాసం నేర్పుతారు" అంటే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. హనుమాన్ దీక్ష ముగిసి నెల కాలేదు, తర్వాత ఏ దేవుడని వెతుక్కుంటున్న సమయం. దేవుడి పేరు చెప్పి ఆయన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు.

ఏడున్నర దాటాక మేడ్చల్ బస్సు వచ్చింది. నిలబడే వెళ్ళాం. కొంపల్లి దాటితే అప్పట్లో ఇంకా చేలు కనబడేవి, మధ్య మధ్య కొత్త కాలనీల కమాన్లు. మేడ్చల్ బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్ళలా ఉంది. అక్కణ్ణించి శామీర్‌పేటకు బస్సులు తక్కువ, ఏడుగురు కూర్చునే ఆటోలే గతి. ఏడుగురని పేరే గాని డ్రైవరు పన్నెండు మంది నిండేదాకా కదల్లేదు. "జల్దీ పోనియ్యన్నా" అని ఎవరో అంటే "మీరు జల్దీ ఎక్కుండ్రి, నేను జల్దీ పోత" అన్నాడు. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు సీటు అడగండి. వెనక కూర్చుంటే దుమ్మంతా తలలోనే.

నా పక్కన ఖాళీ చేపల గంప ఒళ్ళో పెట్టుకుని ఒకామె కూర్చుంది. పొద్దున్నే మేడ్చల్లో చేపలమ్మి చెరువుకు తిరిగి వెళ్తోంది.

"యాడికి వోతున్నరమ్మా?" అంది.

"ద్రాక్షతోటలో కౌసల్యమ్మగారని ఉన్నారట, వాళ్ళింటికి."

"ఓ! మొగుడు పెండ్లాల బడికా!" అంది ఆటో అంతా వినబడేలా.

ఆటోలో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. మా ఆయన మొహం ఎర్రబడింది. నా చెవి దగ్గరికి వంగి "ఏమిటా బడి?" అన్నారు. "దంపతుల పూజ" అన్నాను. ఆయన కండువాతో మొహం తుడుచుకుని దారి పొడవునా బయటికే చూశారు. బయట ద్రాక్ష పందిళ్ళు సగం పీకేసి ఉన్నాయి. పీకేసిన చోట తెల్ల సున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతారు. రెండేళ్ళలో ఇక్కడ మన కాలనీల్లాంటివే వస్తాయని ఎవరో అన్నారు.

తొమ్మిదిన్నరకు తోట దగ్గర దిగాం. ఇది కూడా పందిళ్ళు పీకేసిన తోటే. ఒకప్పుడు గుత్తులు పెట్టెల్లో సర్దిన పెద్ద రేకుల షెడ్డు, దాని పక్కన పెంకుల ఇల్లు, వెనక మూడు చిన్న గదులు. కౌసల్యమ్మ గారికి అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళ నొప్పులు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి "అమ్మా" అంటారు. సిద్దిపేట వైపు మనిషి. ఆవిడ భర్త రాజలింగం సారు లెక్కల మేష్టరుగా రిటైరయ్యారట, అరుగు మీద పేపరు చదువుతున్నారు. తంత్రం గురించి ఆయన్ని ఏదో అడిగితే "నాకేం తెల్వదు. ఆమె జెప్పింది జేస్త" అని మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. రుద్రాక్షలు, కాషాయాలు, పుర్రెలు ఏమీ లేవు. నాకు కొంచెం నిరాశగా కూడా అనిపించింది.

మాతో పాటు వచ్చింది ఇంకొక్క జంటే. సూరారంలో ఉంటారు. యాదగిరి ఫ్యాక్టరీలో పని చేస్తాడు, లక్ష్మి ఇంట్లోనే కిరాణా కొట్టు నడుపుతుంది. ఇద్దరికీ ముప్పై లోపే. ఎందుకొచ్చారని అడిగితే లక్ష్మి నవ్వి, "షిఫ్టులక్కా. గీయన వచ్చేసరికి నేను వండుకుంట, నేను లేసేసరికి గీయన వండుకుంటడు. మొకాలు సూసుకునుడు గూడ మర్సిపోయినం" అంది. వండుకోవడమంటే వాళ్ళ భాషలో పడుకోవడమని నాకు అప్పటికే తెలుసు. మా ఇంట్లో షిఫ్టులు లేవు. ఆ మాట ఆమెతో అనలేదు.

పదకొండింటికి షెడ్డులో చాపలు వేశారు. పైన రేకులు కాగుతున్నాయి. తడి గోనెపట్టాలు కట్టినా సెగ ఆగడం లేదు. కౌసల్యమ్మ గారు ఒక్కరే కుర్చీలో కూర్చుని మాట్లాడారు. నాకు గుర్తున్నంతవరకూ రాస్తాను.

"మనోళ్ళకు దేవుడంటే గుడిల ఉంటడు, కోరికంటే సీకట్ల ఉంటది. రెండింటిని ఒక్క కాడ కూసోబెట్టుడే గీ సాధన. శివుడు, అమ్మవారు కలిసి ఉంటరని గోడకు పటం గడ్తం, దండం బెడ్తం. గాళ్ళు కలిసి ఉంటే పుణ్యం, మనం కలిసి ఉంటే సిగ్గు. గిదేం ఇసాబు? కోరిక పొయ్యిల నిప్పసొంటిది. ఇల్లు కాలుతదని పొయ్యి ఆర్పుకుంటే అన్నం ఎట్ల వండుకుంటవ్?"

మా ఆయన వీపు నిటారుగా అయింది. చుట్టూ చూశారు. తలుపు ఎక్కడుందో చూస్తున్నారని నాకు అర్థమైంది.

మొదటి సాధన తేలికైనదే. జంటలు ఎదురెదురుగా కూర్చుని, ఇద్దరి ఊపిరీ ఒక్క లెక్కన నడిచేదాకా ఒకరి కళ్ళలోకి ఒకరు చూడాలి. చివర అవతలి మనిషిలో అమ్మవారిని, లేదా అయ్యవారిని, చూసి దండం పెట్టాలి. యాదగిరి, లక్ష్మి కాసేపు కిసుక్కుమని నవ్వి తర్వాత నిజంగానే చూపులు కలిపి కూర్చున్నారు. మా ఆయన నా నుదుటి బొట్టు వైపు చూశారు గాని కళ్ళలోకి చూడలేదు. దండం పెట్టమనగానే మాత్రం ఒక్క ఉదుటున రెండు చేతులూ జోడించి, "మాతా! శరణం!" అని, నా పాదాలకు చెయ్యి తగలకుండా మూరెడు దూరంలో నేలకు తాకించి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు. ఆరేళ్ళ అలవాటు మరి, ఎక్కడికి పోతుంది?

కౌసల్యమ్మ గారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "గీ సారు మొక్కుతున్నడా, పారిపోతున్నడా?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు ఏడుపొచ్చింది. దేవతను చేసి దూరం పెట్టడం ఎలాగో ఈ లోకంలో మా ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పప్పు, మామిడికాయ తొక్కు. సాయంత్రం ఊపిరి మీద ఇంకో సాధన. వెల్లకిలా పడుకుని ఊపిరి బొడ్డు దగ్గరికి, అక్కణ్ణించి కిందికి దిగుతున్నట్టు తలుచుకోమన్నారు. బొడ్డు దాకా వచ్చానో లేదో నిద్రపట్టేసింది. గురక కూడా పెట్టానని తర్వాత లక్ష్మి చెప్పింది. మా ఆయన లేపబోతే కౌసల్యమ్మ గారు "వండనియ్యుండ్రి. గామెకు ఇయ్యాల గదే సాధన" అన్నారట. లేచేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఎవరికీ నీళ్ళు తోడకుండా, ఎవరి పూజకూ పూలు కొయ్యకుండా అంతసేపు పడుకుని ఎన్నాళ్ళయిందో. ఆ రాత్రి మా గదిలో రెండు నవారు మంచాలు వేశారు. ఆయన తన దుప్పటి తీసి నేల మీద పరుచుకున్నారు.

"ఇప్పుడు మాల లేదు కదా" అన్నాను.

"కుక్కి మంచం, నడుము పట్టేస్తుంది" అన్నారు.

ఆదివారం పొద్దున్న ఆరింటికే లేపారు, ఎండెక్కకముందే పని కానివ్వాలని. ఆ రోజు న్యాసం. పూజ చేసేవాళ్ళకు ఇది తెలిసినదే. సహస్రనామం చదివే ముందు వేళ్ళతో గుండె, తల, కళ్ళు తాకుతూ ఒక్కో చోట ఒక్కో దేవతను నిలుపుకుంటాం. మా ఆయన ప్రతి ఉదయం అది రైలు వేగంతో చేస్తారు. ఇక్కడ తేడా ఏమిటంటే ఎవరి ఒళ్ళు వాళ్ళు తాకరు. మొగుడు పెళ్ళానికి, పెళ్ళాం మొగుడికి చెయ్యాలి. ఎవరి గదిలో వాళ్ళు, తలుపులు వేసుకుని. "ఆగమాగం జేయకుండ్రి. చెయ్యి వెట్టిన కాడ అమ్మవారున్నదని నమ్మి పెట్టుండ్రి. ఆడికెల్లి కోరిక లేస్తే లేవనియ్యుండ్రి, గది గూడ ఆమెదే" అని చెప్పి కౌసల్యమ్మ గారు మోకాళ్ళకు తైలం రాసుకోవడానికి వెళ్ళిపోయారు.

నేను మంచం మీద పడుకున్నాను. ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నారు. తల మీద చెయ్యి పెట్టి "శిరసి నమః" అన్నారు. నుదురు. కళ్ళు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. కంఠం దగ్గరికి వచ్చేసరికి ఆ రైలు వేగం పోయింది. గుండె మీద చెయ్యి పెట్టినప్పుడు నా ఒళ్ళంతా జలదరించింది. దాచడం ఎందుకు, ఆరేళ్ళ తర్వాత నా ఒంటికి తానున్నానని గుర్తొచ్చింది. నాకు ఆయన మీద కోరిక కలిగింది. అది అమ్మవారో ఎవరో నాకు తెలియదు. నేనింకా బతికే ఉన్నానని మాత్రం సంతోషం వేసింది.

తర్వాత నాభి. నేనే చీర కుచ్చిళ్ళు కొంచెం కిందికి జరిపాను. మచ్చ పైభాగం కనబడుతుందని తెలిసే జరిపాను. ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. మంత్రం కూడా ఆగిపోయింది. నేను కళ్ళు మూసుకుని ఆ మాట కోసం ఎదురు చూశాను.

"నేను ముట్టుకోకూడదు" అన్నారు.

"వెగటా?" అన్నాను. ఆరేళ్ళుగా నోట్లో నానిన మాట అంత తేలిగ్గా బయటికొచ్చింది.

"ఛ!" అన్నారు. స్టూలు మీద నుంచి లేచి, మళ్ళీ కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "ఆ రోజు ఆస్పత్రి వరండాలో మొక్కుకున్నాను. రక్తం సీసా మీద సీసా ఎక్కిస్తున్నారు. నా వల్లే కదా నీకీ గతి పట్టిందని... నిన్ను బతికిస్తే చాలు, జన్మలో ఇక నీ జోలికి రానని మొక్కుకున్నాను. నువ్వు బతికావు. ఎలా తప్పను? ఉత్తినే పక్క గదిలో పడుకుంటే మనసు నిలవడం లేదు. మాల మెడలో ఉంటే కొంచెం బలం."

మొదట నాకు తేలికనిపించింది. వెగటు కాదు. నా మచ్చ కాదు. పైగా మనసు నిలవక మాలలేసుకున్నారట! పకపకా నవ్వాలనిపించింది. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకాలే కోపం వచ్చింది. అంత కోపం నాకు పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదు.

"మొక్కుకుంటే మీ జుట్టు ఇచ్చుకోవాల్సింది. మీకిష్టమైన కాఫీ మానెయ్యాల్సింది. నా వాటా కూడా కలిపి ఎలా ఇచ్చేశారు? అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు! నేను చచ్చి బతికాక నాకేం కావాలో నన్నొక్కసారైనా అడిగారా? అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ ఈ గీత చూసుకుని ఎంత ఏడ్చానో తెలుసా? దేవుడితో బేరమాడేటప్పుడు నేను లేను, సరే. ఇంటికొచ్చాకైనా చెప్పొద్దూ?"

"చెబితే మొక్కు ఫలం పోతుందని..." అన్నారు.

మొక్కు బయటికి చెప్పకూడదని మా వైపు పెద్దవాళ్ళంటారు. దాన్ని ఆయన ఇంతదూరం మోశారన్నమాట. ఇక అక్కడ ఉండలేక కుచ్చిళ్ళు సర్దుకుని తలుపు తీసుకుని బయటికొచ్చేశాను. అరుగు మీద కౌసల్యమ్మ గారు "ఏమాయె బిడ్డా?" అంటే "చెరువు చూసొస్తానండీ" అన్నాను. "ఎండెక్కుతాంది, నెత్తిన కొంగేస్కో" అన్నారంతే.

దారిలో ఎడ్లబండి దొరికితే కొంతదూరం ఎక్కాను. శామీర్‌పేట చెరువు చాలా పెద్దది గాని, మే నెలలో చూడాల్సింది కాదు. నీళ్ళు లోపలికి పోయి ఒడ్డున బురద పగుళ్ళు తేలింది. జింకల పార్కు చూడ్డానికి వచ్చిన ఆదివారం జనం కట్ట మీద చెట్ల కింద చేరారు. వరసగా చేపలు వేయించే పొయ్యిలు. నూనె వాసన తగలగానే ఆకలి గుర్తొచ్చింది. పుట్టి పెరిగింది చేపల ఊళ్ళోనే అయినా, మాలలు మొదలయ్యాక మా ఇంట్లో చేప వండింది లేదు. ఆయన మానేశారు, నేనూ మానేశాను. నన్నెవరూ మానెయ్యమని అడగలేదు, తినమనీ అడగలేదు. ఒక పొయ్యి ముందు కూర్చుని బొచ్చె ముక్కలు వెయ్యమన్నాను.

వేయించే ఆమె ఆకులో పెట్టిచ్చి, "ఆగమ్మా, ఉడుకుడుకున్నది, నోరు గాలుతది. ఒక్కదానివే వచ్చినవా?" అంది.

"ఆయన వస్తారు" అన్నాను. వస్తారో రారో నాకు తెలియదు.

ఒక ముక్క అయ్యేసరికి కట్ట మీద ఆయన కనబడ్డారు. చెప్పులు చేత్తో పట్టుకుని వస్తున్నారు, ఒక చెప్పు పట్టీ తెగింది. మొహం వడిలిపోయింది. వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆకు తన వైపు లాక్కుని, బొచ్చె ముక్కలో ముళ్ళు ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టి, కండ నా వైపు జరిపారు. పెళ్ళయిన కొత్తలో అలా చేసేవారు. నేను తిన్నాను. కోపం తగ్గలేదు గాని ఆకలి కొంచెం తగ్గింది.

తోటకు తిరిగి వచ్చేసరికి ఒంటిగంట. మిగిలిన సాధనకు మేము కూర్చోలేదు. నేను ఆయనకు చెయ్యాల్సిన న్యాసం జరగనే లేదు. యాదగిరి, లక్ష్మి ఒకే కంచంలో అన్నం తింటున్నారు. భోజనమయ్యాక కౌసల్యమ్మ గారి పాదాలకు దండం పెట్టాను. దక్షిణ ఇంతని తీసుకోరు, తోచింది పళ్ళెంలో పెట్టాలి. మా ఆయన కూడా వంగబోతే ఆవిడ ఆపి, "నాకెందుకు సారూ, నేనేడికి పారిపోత" అన్నారు. మా ఆయన మొదటిసారి నవ్వారు.

ఆదివారం మధ్యాహ్నం మేడ్చల్ వైపు ఆటోలు లేవు. వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. ఊళ్ళోకి నడిచి, కరీంనగర్ రోడ్డు మీద నిలబడి సికింద్రాబాద్ బస్సు ఎక్కాం. మూడు దాటింది. కరీంనగర్ నుంచే నిండి వచ్చింది. తూంకుంట దాటినా కమ్మీ పట్టుకుని వేలాడుతూనే ఉన్నాం. చెమట, బీడీ వాసన, ఎవరి ఒళ్ళోనో పసిపిల్ల ఏడుపు. నడుము నాది కానట్టుంది. హకీంపేట దగ్గర ఇద్దరు దిగితే వెనక సీటు దొరికింది. పక్కన ఒక ముసలాయన తల ముందుకు వాల్చి నిద్రపోతున్నాడు.

"గురుస్వామిని అడుగుతాను" అన్నారు మా ఆయన కాసేపటికి. "మొక్కుకు ఏదో పరిహారం ఉంటుంది. హోమమో, నిలువుదోపిడో. ఆయన సరేనంటే..."

"ఆయన సరేనంటే?" అన్నాను. "మళ్ళీ నా సంగతి మీరూ గురుస్వామీ కూర్చుని తేలుస్తారా? దేవుడికి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి. అడగాల్సింది మాత్రం నన్ను."

లోతుకుంట దాటింది. తిరుమలగిరి దాటింది. నేను కిటికీకి తల ఆనించుకున్నాను. ఈ రెండు రోజుల్లో తంత్రం నేర్చుకున్నానా అంటే లేదు. ఊపిరి సాధనలో నిద్రపోయాను, న్యాసం సగంలో వదిలేశాను, చేపలు తిన్నాను. దేవుడూ కోరికా ఒకచోట కూర్చోవడం నేనింకా చూడలేదు. నా కోరిక చచ్చిపోలేదని, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని తెలిసింది. ఆ ఒక్కటి తెలుసుకోవడానికి ఇంత ఎండలో ఇంత దుమ్ము తినాల్సి వచ్చింది. వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి. ఒంట్లో ఓపికున్నప్పుడు వెళ్ళండి.

కార్ఖానా దగ్గర బస్సు ఆగింది. ఆయన గొంతు సవరించుకున్నారు. బస్సులో సీటు అడిగే కొత్త మనిషిలా, మొహమాటంగా, నా కళ్ళలోకి చూస్తూ అడిగారు.

"ఇవాళ నీ పక్కన పడుకోనా?"

ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన ఈ ప్రశ్న వెయ్యడం ఇదే మొదటిసారి. మొదట్లో అడగకుండానే వచ్చారు, తర్వాత అడగకుండానే వెళ్ళిపోయారు. బస్సు కదిలేదాకా ఆగి జవాబు చెప్పాను.

"పడుకోండి. నేను మాత్రం నిద్రపోతాను. బాగా అలిసిపోయాను. మిగతాది రేపు అడగండి."

"సరే, రేపు అడుగుతాను" అన్నారాయన.